పట్టీలు కావలసిన వెండి డాలరు

సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో మా కింది వాటాలో ఉండే డ్రైవరుది కడప. నన్ను అక్కా అంటాడు, మాకు తమ్ముడిలాంటివాడు. కువైట్ యుద్ధానికి ముందే, భార్యకు నెలలు నిండుతుండగా వచ్చేశాడు. యుద్ధమప్పుడు ఎయిర్‌బేస్‌కి నీళ్ల ట్యాంకరు తోలేవాడు. అక్కడి అమెరికన్ సిపాయి ఒకడు తిరిగి వెళ్లిపోతూ, తన తాతగారిదట, ఒక పెద్ద డాలరు బిళ్ల ఇతని చేతిలో పెట్టాడు. దాన్ని కరిగించి, ఇంతవరకూ చూడని కూతురికి కాళ్ల పట్టీలు చేయించుకుపోవాలని మా తమ్ముడి ఆశ. బతిమాలగా బతిమాలగా అతన్ని పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, ఖఫీల్ అంటారిక్కడ, ఎట్టకేలకు సెలవిచ్చాడు. వచ్చే వారమే ప్రయాణం.

"అక్కా, ఇది ఎండేనా? కాకపోతే ఉత్త చేతుల్తో పోవాల," అంటూ మా వంటింటి గడపలో నిలబడ్డాడు.

నేను నోరు తెరిచేలోపే మావారు అందుకున్నారు. ఇంజినీరు కదా, తెలియని విషయమంటూ ఉండదు. "వెండీ లేదు, గిండీ లేదు. వాళ్ల డాలరు బిళ్లలు ఇప్పుడన్నీ రాగి మీద తెల్లలోహమే. అసలు వెండి ఎవడైనా ఊరికే ఇస్తాడటయ్యా?"

నాకు ఒళ్లు మండింది. ఆ అబ్బాయి మొహం వాడిపోయింది, కాస్త మెత్తగా చెప్పొచ్చుగా! "మీరుండండి, తేలుద్దాం," అని ఫ్రిజ్ మీది అయస్కాంతం పీకి తెచ్చాను. అంటుకోలేదు! చప్పట్లు కొట్టాను. "అంటుకోనివి బోలెడు," అన్నారాయన. గచ్చు మీద వేశాను. ఖంగుమని చాలాసేపు మోగింది. "మోగేవీ బోలెడు. రాగిదైతే అంచున ఎర్రగీత ఉంటుంది, అది చూడు." చూద్దామంటే అంచు మొత్తం పెనం అడుగులా నల్లగా ఉంది.

అంతే, చింతపండు నానబోసి, పళ్లపొడి అద్ది, తోముడే తోముడు. సింకు దగ్గర ముగ్గురం తలలు గుద్దుకున్నాం. ముందు ఓ ఆడమనిషి ముక్కు బయటపడింది. తర్వాత తల చుట్టూ కిరణాలు, కింద 1922. వెనకవైపు రెక్కలు ముడుచుకుని కూర్చున్న గద్ద. అంచు గాట్ల నిండా ఒకటే తెలుపు, ఎర్రగీత మచ్చుకైనా లేదు.

"ఎండే అక్కా! ఎండే!" అని తమ్ముడు అరిచాడు. నేను నురగ చేతులతోనే గంతులేశాను. మావారు కళ్లద్దాలు సవరించుకుని, "అయ్యో, నిజంగా పాతబిళ్లే! ఇలా తోమేస్తే సేకరించేవాళ్లు దీని మొహం చూడరు, తెలుసా?" అని తల పట్టుకున్నారు. ఓడిపోయినా పాఠం చెప్పకపోతే ఆయనకి తోచదు!

"మా పాపకు నల్లపట్టీలు ఎయ్యమంటారా సార్?" అని తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయనా నవ్వేశారు.

ఆ ఊపులోనే ముగ్గురం వెండి బజారు దారి పట్టాం. కొట్టులో యెమెనీ ముసలాయన బిళ్లను రాతి మీద గీసి, మందుచుక్క వేసి, "ఫిద్దా! అస్లీ!" అన్నాడు. అసలైన వెండేనని పక్క కొట్టువాళ్లకి కూడా చూపించాడు. ఒళ్లంతా కప్పే నల్లటి అబాయాలో, నలుగురి మధ్య ఉన్నానన్న సంగతే మరిచిపోయి పకపకా నవ్వాను. కరిగించబోయే ముందు ఆయన కొలత అడిగాడు. తమ్ముడు బొటనవేలూ చూపుడువేలూ కలిపి చిన్న సున్నా చుట్టి చూపించాడు. అతని దగ్గరున్నది పాపది ఒకటే ఫోటో, పురిట్లో తీసింది.

"అదేంటి తమ్ముడూ, పాపకి రెండేళ్లు దాటలేదూ? పరుగులు పెడుతుంటుంది," అన్నాను నవ్వుతూనే.

అతను తన వేళ్లవంక చూసుకున్నాడు. నవ్వు ఆగిపోయింది. వేళ్లు కాస్త విడదీశాడు.

"ఇంతుంటాదా అక్కా?"

"ఇంకొంచెం."

ఇంకొంచెం విడదీశాడు. "ఇంతనా?"

"ఇంకా, తమ్ముడూ," అన్నాను.