టేపమ్మ కొన్న వాషింగ్ మెషీన్

పదకొండేళ్ళు తిరిగిన వాషింగ్ మెషీన్ ఒక మంగళవారం తెల్లవారుతుండగా సగంలో ఆగిపోయింది. లోపల అత్తగారి దుప్పటి ఉంది.

టేపమ్మ లేచి వెళ్ళేసరికి అత్తగారు బాత్రూంలో పీట మీద కూర్చుని, మెషీన్ మూత మీద చెయ్యి వేసి, కదలకుండా ఉంది. టేపమ్మ అసలు పేరు వేరు. కర్టెన్ల షాపులో పద్దెనిమిదేళ్ళుగా కొలతలు తీసే పని ఆమెది. మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతుంటుంది కాబట్టి షాపువాళ్ళు పెట్టిన పేరు అది. కోపం వచ్చినప్పుడు తప్ప భర్త కూడా అలాగే పిలుస్తాడు.

"ఆగిపోయిందమ్మాయ్. నేనేం చెయ్యలేదు," అంది అత్తగారు.

"దానికి వయసైపోయింది అత్తయ్యా."

"నాకంటేనా?"

టేపమ్మ నీళ్ళలోంచి దుప్పటి పైకి లాగి, పిండి, బాల్కనీలో ఆరేసింది. అత్తగారు ఆమె చేతుల్నే చూస్తూ కూర్చుంది. తల మాత్రం ఎత్తలేదు.

ఏడాదిగా కొన్ని రాత్రులు ఆవిడకు పక్క తడుస్తోంది. ఆ మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ఆవిడ ఐదింటికే లేచి, కర్ర పట్టుకుని బాత్రూంలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, దుప్పటి మెషీన్లో వేసేది. మిగతావాళ్ళు లేచేసరికి అది తీగ మీద ఉండేది. "చెమట పట్టింది," అనేది. చలికాలంలోనూ అదే అనేది. అందరూ ఒప్పుకునేవారు. మంచినీళ్ళు కూడా ఒకరిని అడిగి తాగే మనిషి కాదావిడ.

మెకానిక్ వచ్చి, వెనక రేకు విప్పి చూసి, మళ్ళీ బిగించాడు. "ఈ పార్టు ఇప్పుడు మ్యూజియంలో దొరకాలమ్మా," అన్నాడు.

ఆ వారమంతా బట్టలు చేత్తోనే ఉతికారు. మూడోరోజు టేపమ్మకు ఒక సంగతి కనిపించింది. అత్తగారి మంచం దగ్గర సీసాలో నీళ్ళు పోసినవి పోసినట్టే ఉంటున్నాయి. సాయంత్రం నాలుగు దాటితే ఆవిడ గుక్కెడు నీళ్ళు కూడా ముట్టడం లేదు. పెదవులు పగిలాయి. శుక్రవారం కుర్చీలోంచి లేవబోయి, కళ్ళు తిరిగి, మళ్ళీ కూర్చుండిపోయింది.

"నీళ్ళు తాగండి అత్తయ్యా."

"దాహం లేదమ్మాయ్."

కొనబోయే మెషీన్ ఎలాంటిదై ఉండాలో టేపమ్మకు అప్పుడు స్పష్టంగా తెలిసింది. అత్తగారు ఒక్కతే, ఎవరినీ లేపకుండా, ఎవరి చెయ్యీ పడకుండా నడుపుకోగలగాలి. మిగతా గొప్పలన్నీ తర్వాత.

"ఫ్రంట్ లోడింగ్ తీసుకో," అన్నాడు భర్త. అతనిది ప్రింటింగ్ ప్రెస్సులో పని; చొక్కాలకు వదలని సిరా. "మా ప్రెస్సులో అందరూ అదే అంటున్నారు. నీళ్ళు తక్కువ, మురికి బాగా పోతుందిట."

"దాని ముందు గొంతుక్కూర్చుని బట్టలు తియ్యడానికి మీ ప్రెస్సంతా వస్తుందా?"

"నువ్వు లేవూ?"

"రోజూ పొద్దున్నే ఐదింటికి వాడేది నేనా?"

అతను చేతిలో పేపరు మడిచాడు. మళ్ళీ విప్పాడు. "సరే. నీ ఇష్టం," అన్నాడు.

ఇంట్లో ఉన్నవి పద్దెనిమిది వేలు. ఆదివారం టేపమ్మ బాత్రూం మూల కొలిచి, చీటీ మీద రాసుకుని, షాపుకు వెళ్ళింది.

అక్కడి బట్టతల సేల్స్‌మన్ మర్యాదస్తుడే. మెషీన్ల గుణగణాలు వరసగా ఏకరువు పెట్టాడు. టేపమ్మ వినలేదు. ఒక్కొక్క మూతా ఎత్తి, మెడలోని టేపు లోపలికి వదిలి, అడుగు దాకా కొలిచింది.

"బావి తవ్వించబోతున్నారా మేడమ్?"

"అడుక్కి పోయిన సాక్సు ఎవరు తీస్తారు?"

"మీరే తీస్తారు. మీ చేతికి అందదా ఏంటి?"

"నా చేతికి కాదు."

అత్తగారి చెయ్యి భుజం నుంచి వేళ్ళ కొస దాకా ఇరవై నాలుగు అంగుళాలు. ఆవిడ జాకెట్లు కుట్టేది తనే కాబట్టి టేపమ్మకు ఆ లెక్క నోటికే వచ్చు. మోకాళ్ళు కొంచెం వంచి, అత్తగారి ఎత్తుకు దిగి, ఒక చేత్తో కర్ర పట్టుకున్నట్టు అంచు పట్టుకుని, రెండో చెయ్యి లోపలికి చాపింది. మూడు మెషీన్లలో అడుగు అందలేదు. ఒక మెషీన్ మీద బటన్లే లేవు, నున్నటి అద్దం. దాన్ని వేలితో తాకి వదిలేసింది. అత్తగారి ఎండిన వేళ్ళను ఫోను అద్దమే గుర్తించదు. చుట్టుపక్కల కొనడానికి వచ్చినవాళ్ళు ఆగి చూస్తున్నారు.

"ఇది పాట పాడుతుందా?" అంది ఐదోదాని దగ్గర.

"పాడుతుంది మేడమ్! ఉతకడం అయిపోగానే."

"దీని నోరు మూయించొచ్చా?"

"మనుషుల్లో ఆ సౌకర్యం లేదు గానీ, ఇందులో ఉంది." బటన్ చూపించాడు. "ఇంతకీ వాడేదెవరు మేడమ్?"

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. "మా ఇంట్లో పొట్టివాళ్ళున్నారు," అంది టేపమ్మ.

ఆ ఐదోదాంట్లో చెయ్యి అడుగుకు అందింది. బటన్ నొక్కితే నొక్కినట్టు తెలిసింది. పక్క రేకుకు సొట్ట పడినందుకు ధర తగ్గించి పదహారున్నర వేలకు పెట్టారు. వెడల్పు కొలిచింది, ఎత్తు కొలిచింది. చీటీతో రెండుసార్లు సరిచూసుకుంది. సొట్ట గోడ వైపు పోతుంది, ఎవరికీ కనిపించదు.

"తగ్గింపు సరుకు వెనక్కి తీసుకోం మేడమ్, బిల్లు మీద కూడా రాస్తున్నాను," అన్నాడతను.

"వెనక్కెందుకు తెస్తాను? కొలిచి కొంటున్నాను," అంది.

సోమవారం ఇద్దరు మనుషులు మెషీన్‌ను మూడంతస్తులు మోసుకొచ్చి బాత్రూం మూలన దించారు. వెడల్పు అచ్చుగుద్దినట్టు సరిపోయింది. మూత పూర్తిగా ఎత్తినా కుళాయికి తగల్లేదు. టేపమ్మ తృప్తిగా బయటికి వచ్చి తలుపు వేసింది. తలుపు ముప్పాతిక దూరం వెళ్ళి, మెషీన్‌కు టక్కుమని తగిలి ఆగింది. జానెడు సందు మిగిలింది.

పద్దెనిమిదేళ్ళుగా ఆమె కొలిచినవన్నీ కిటికీలూ గుమ్మాలూ. వెడల్పు, ఎత్తు. కర్టెన్‌కు మూడో కొలత ఉండదు. డ్రమ్ము లోపల ఎంత లోతో కొలిచిన మనిషి, మెషీన్ గోడనుంచి ఎంత ముందుకొస్తుందో కొలవలేదు.

"టేపు మెడలో ఉందా, షాపులో మర్చిపోయావా?" అన్నాడు భర్త. ఆమె మొహం చూసి తర్వాతి మాట మింగేశాడు.

"తలుపు పీకేద్దాం," అంది స్కూలుకు తయారవుతున్న కూతురు.

"స్నానం ఎలా చేస్తావే?"

"అయితే బయటికి తెరుచుకునేలా తిప్పిద్దాం."

"అప్పుడు వంటగది మూసుకుపోతుంది. తిండి మానేస్తావా?"

భర్త చేత్తో జానెడు సందును మరోసారి కొలిచాడు. "నష్టానికైనా ఎవరికన్నా అమ్మేద్దాం. సన్న రకం ఫ్రంట్ లోడింగులు ఉన్నాయిట, అదొకటి చూద్దాం. అమ్మ దుప్పటి నువ్వో నేనో..." అని ఆగిపోయాడు.

వెనక కర్ర చప్పుడు. అత్తగారు ఎప్పుడొచ్చిందో, గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

"అమ్మొద్దు. నా గదిలో పెట్టండి," అంది.

"పడగ్గదిలోనా? నీళ్ళెలా వస్తాయమ్మా?"

"ఈ గోడకు అటుపక్క నా గదే కదరా. కన్నం పెడితే వస్తాయి. అక్కడున్న పిల్ల రాత బల్ల హాల్లో వేసుకోండి."

"ఒకటే మోత, నిద్రపట్టదు నీకు. అంత అవసరం ఏమొచ్చింది?"

"ఏమొచ్చిందో నీకు తెలీదా?"

భర్త తలుపును ఇంకోసారి మెషీన్ దాకా తోశాడు.

"నాకు పక్క తడుస్తోంది," అంది ఆవిడ. "ఏడాదైంది. మీకు తెలుసు. మీకు తెలుసని నాకూ తెలుసు. నా దుప్పటి నేను ఉతుక్కోవాలి, అంతే. వేసుకోడానికి ఇక్కడ తలుపు లేకపోతే నా గదికి ఉంది."

"నానమ్మా, మరి నా బల్ల? నా చదువు?" అంది కూతురు.

"హాల్లో చదువు. నువ్వు చదివేదేదో మేమూ చూస్తాం."

టేపమ్మ ముందు నవ్వింది. తర్వాత భర్త. అతను కళ్ళు తుడుచుకుని, ప్లంబర్‌కు ఫోన్ చెయ్యడానికి బాల్కనీలోకి వెళ్ళాడు.

మర్నాడు ప్లంబర్ గోడకు రెండు కన్నాలు పెట్టాడు, ఒకటి వచ్చే నీళ్ళకు, ఒకటి పోయే నీళ్ళకు. "మంచం పక్కన మిషన్ పెట్టించుకున్నవాళ్ళని మిమ్మల్నే చూశానండీ," అన్నాడు.

"నీకూ వయసొస్తుంది నాయనా, అప్పుడు ఇంకొకళ్ళని చూస్తావు," అంది అత్తగారు.

ఇది జరిగి నెల దాటింది. మంచం దగ్గరి సీసా రాత్రికి ఖాళీ అవుతోంది. ఐదింటికి గోడవతల నీళ్ళు పడుతున్న చప్పుడు వస్తే ఇంట్లో ఎవరూ లేవరు, పక్కకు తిరిగి పడుకుంటారు. ఎవరూ అనుకోనిది మాత్రం ఒకటి జరిగింది. మెషీన్ అత్తగారిదైపోయింది. బట్టలు ఉతకాలంటే ఆవిడ తలుపు కొట్టాలి. సిరా చొక్కాలు విడిగా తెమ్మంటుంది. జేబుల్లో కాగితాలుంటే వెనక్కి పంపేస్తుంది. కూతురు స్కూలు బట్టలు ఆదివారం పొద్దుపోయాక తెచ్చిందని ఒకసారి చేత్తోనే ఉతికించింది.

మొన్న పొద్దున టేపమ్మ షాపు యూనిఫాం పట్టుకుని వెళ్ళి తలుపు తట్టింది.

"అత్తయ్యా, ఇదొక్కటి..."

"ఇప్పుడు నాది తిరుగుతోంది. ముప్పావుగంట ఆగు," అని లోపల్నుంచి వినిపించింది.

"షాపుకు టైమైపోతోంది అత్తయ్యా. ఇస్త్రీ పెట్టి ఆరబెట్టుకోవాలి కూడా."

"నిన్న రాత్రి ఇవ్వాల్సింది."

టేపమ్మ యూనిఫాం మడిచి చంకలో పెట్టుకుంది. కాసేపటికి ఆ మాసినదే తొడుక్కుని పనికి వెళ్ళింది.