మిరపకాయల తర్వాత మొదటి గంప

1957 వేసవిలో, అంటే హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, ఆదిలాబాద్ జిల్లాలో ఒక చిన్న ఊళ్లో గిర్నీ నడిపే పనికి కుదిరాను. బోథ్ నుంచి ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. కుదరడం అన్న మాట మర్యాదకు వాడుతున్నాను. మా అక్క భర్త రాజన్న బావ ఆ ఊళ్లో ఒక పాత ఆయిల్ ఇంజన్ కొని, దాన్ని తిప్పడం చేతకాక, దాని చుట్టూ తానే తిరుగుతూ ఉండేవాడు. పెద్దపల్లి బియ్యం మిల్లులో ఇంజన్ డ్రైవర్‌గా ఉన్న నాకు కబురు పెట్టి పిలిపించుకున్నాడు. మాది నేత కుటుంబం. మగ్గం ముందు కూర్చుంటే నాకు కాళ్లు తిమ్మిరెక్కేవి, ఇంజన్ ముందు మాత్రం పొద్దంతా నిలబడేవాణ్ణి. మా బాపు దీనికి చాలా విసుక్కునేవాడు. చివరికి అదే నాకు బతుకుదెరువైంది.

గిర్నీ అంటే మా వైపు పిండిమర. ఒక రేకుల షెడ్డు, అందులో ఓ మూల ఇంజన్, ఇంజన్ చక్రం నుంచి తోలు పట్టా, ఆ పట్టాతో నడిచే రెండు రాళ్లు. ఒక రాయి కదలదు, రెండోది దాన్ని ఒరుసుకుంటూ తిరుగుతుంది. పై డబ్బాలో గింజలు పోస్తే కింద గుడ్డ గొట్టంలోంచి పిండి పడుతుంది. రాళ్ల మధ్య సందును పెంచడానికీ తగ్గించడానికీ ఒక చేతి చక్రం ఉంటుంది. డ్రైవర్ పనితనమంతా ఆ చక్రం మీదే తెలుస్తుంది. నేను పొగగొట్టం మూతికి ఒక రేకు డబ్బా బిగించాను. దాంతో ఇంజన్ మోత చేన్ల దాకా వినిపించి, గిర్నీ తెరిచారన్న సంగతి ఊరందరికీ తెలిసేది. చంటిపిల్లల తల్లులు మాత్రం నన్ను తిట్టేవాళ్లు.

మొదటి కొన్ని నెలలు ఆడవాళ్లెవరూ మమ్మల్ని నమ్మలేదు. మిషన్ పిండిలో బలం ఉండదని, రొట్టె విరుగుతుందని ఒకటే మాట. నేను దాన్ని మూఢత్వం కింద కొట్టేశాను. మా అక్క వాదించలేదు. రోజూ నా కంచంలో అంచులు పగిలిన జొన్నరొట్టె వేసి ఊరుకునేది. కొన్నాళ్లకు నాకే అనుమానం వచ్చి, రాయి కింద చెయ్యి పెట్టి చూశాను. పిండి కాలుతోంది. రాళ్లు బిగువుగా ఉండి, వేగం ఎక్కువై, వేడికి జొన్నపిండిలో జిగురు చచ్చిపోతోంది. సందు కాస్త వదులు చేసి ఇంజన్ వేగం తగ్గించాను. నూనె ఎక్కువ తాగుతోందని బావ గొణిగాడు గానీ అక్క రొట్టె గుండ్రంగా వచ్చింది. తర్వాత ఒకరిని చూసి ఒకరు గంపలు పట్టుకొచ్చారు. గిర్నీవాడి పరీక్ష పెనం మీద జరుగుతుందని అప్పుడు నేర్చుకున్నాను.

ప్రతి గిర్నీకీ రాసిపెట్టని పద్ధతులు కొన్ని ఉంటాయి. మొదటిది వరుస. ఆడవాళ్లు వచ్చి గంప దించి వరుసలో పెట్టి, నీళ్లకో కలుపుకో పోతారు. మనిషి లేకపోయినా గంప ఆమె చోటు కాస్తుంది. నేను గంపనే చూసేవాణ్ణి, అది ఎవరిదని అడిగేవాణ్ణి కాదు.

రెండోది మిరపకాయల సంగతి. కారం పట్టాక ఆ ఘాటు రాతి గంట్లలో ఉండిపోతుంది. ఆ వెంటనే ఏ గింజ పోసినా అది కారాన్ని మోసుకొస్తుంది. అందుకే మిరపకాయలు చివర్లో పడతారు. కానీ ఎండాకాలం ఇంటింటా కారం పట్టించే రోజుల్లో అలా కుదరదు. మధ్యలోనే పట్టి, ఆ తర్వాత ఎవరిదో ఒక గంప పోసి రాయి కడగాలి. ఆ గంపవాళ్లకు పట్టుడు కూలి తీసుకునేవాళ్లం కాదు. అయినా ఎవరూ ముందుకు వచ్చేవాళ్లు కాదు. అప్పటిదాకా వరుస కోసం కొట్లాడుకున్నవాళ్లే, “మీది కానియ్యి వదినె” “లేదు, మీది కానియ్యి” అంటూ పెళ్లి పీటల దగ్గర కూడా చూపించనంత మర్యాద చూపించేవాళ్లు.

ముందుకు వచ్చేది గంగవ్వ ఒక్కతే. ఆమెది వాడ, అంటే అంటరానివాళ్లని ఊరు దూరంగా నెట్టేసినవాళ్ల పేట. అరవై దగ్గర పడిన మనిషి, మొగుడు లేడు, పత్తి ఏరే కూలికి పోయేది. మాటకు మాట పడేసే మనిషి. “నా రొట్టెలల్లనే కూర కలిపి పంపుతున్నరు, నాకేం తక్వ?” అనేది. షెడ్డంతా నవ్వేది. మిగతా ఆడవాళ్లు ఆమె పక్కనుంచి వెళ్లేటప్పుడు కొంగు దగ్గరికి లాక్కునేవాళ్లు, గంపలు మాత్రం పక్కపక్కనే ఉండేవి. నాకు ఆమె అంటే చాలా ఇష్టం. ఆమె వచ్చిన రోజు పని బరువు తెలిసేది కాదు.

మరుసటి వేసవిలో ఊరి పటేల్ ఇంట్లో రెండో కొడుకు పెళ్లి కుదిరింది. పెళ్లి పిండివంటలకు పిండి మా గిర్నీలోనే పట్టించాలి. పెళ్లికి కొద్ది రోజుల ముందు పటేల్ దగ్గర పనిచేసే మస్కూరి వచ్చి ఒక మాట చెప్పాడు. ఇక మీద వాడవాళ్ల గింజలు శనివారం సాయంత్రం ఒక్కపూటే పట్టాలి, పట్టాక రాయి కడగాలి, లేకపోతే ఊళ్లోవాళ్లెవరూ గిర్నీ గడప తొక్కరు. బావ అక్కడికక్కడే తల ఊపేశాడు.

నాకు ఒళ్లు మండింది. ఇలాంటివి నేరమని చట్టం వచ్చింది కదా అన్నాను.

“ఊరికి బస్సే రాలే బామ్మర్ది, చట్టం ఎట్లొస్తది?” అన్నాడు బావ. “పటేల్ వద్దంటె ఇంజన్‌ను బండిల ఏసుకొని పోవుడే మనం.”

ఆయన భయంలో అబద్ధం లేదు. ఆ గిర్నీ మీదే అక్క, ఆమె పిల్లలు, నేను బతుకుతున్నాం. కానీ శనివారం ఒక్కపూట అంటే వాడవాళ్లకు అర్థం ఏమిటో నాకు తెలుసు. ఎండాకాలంలో జొన్నపిండి వారం నిలవదు, చేదెక్కుతుంది. అంటే వాళ్లు మళ్లీ కోడి కూయకముందే లేచి విసుర్రాయి ముందు కూర్చోవాలి, తర్వాత పొద్దుగూకేదాకా కూలి చెయ్యాలి. గిర్నీ వచ్చాక ఆ ఆడవాళ్లకు దొరికిన కాస్త నిద్ర మళ్లీ పోతుంది. ఈ మాట వాళ్లకు నేను చెప్పనన్నాను. మస్కూరితోనే చెప్పించారు.

పెళ్లిపిండి పట్టాల్సిన రోజు నేను షెడ్డుకు వెళ్లేసరికి లోపల బావ తుమ్ముతూ కనిపించాడు. మనిషి నెత్తి నుంచి కాళ్ల దాకా ఎర్రగా ఉన్నాడు. పటేల్ ఇంటి మిరపకాయల సంచి ముందురోజే దింపించుకుని, వాళ్ల పని మొదటే చేశామనిపించుకోవాలని, తెల్లారగానే తానే ఇంజన్ తిప్పి కారం పట్టేశాడు. యుద్ధం గెలిచినవాడిలా నిలబడ్డాడు. బయట అప్పటికే గంపల వరుస పెరిగింది. ఇప్పుడు మొదట ఎవరివి పొయ్యాలి అని అడిగాను. బావ ముఖంలోంచి గెలుపు దిగిపోయింది. భయపడ్డవాడు పెద్దవాళ్ల పని ముందు చేస్తాడు, ఆ పని తర్వాత ఏం వస్తుందో చూసుకోడు.

వరుసలో మూడో గంప గంగవ్వది. ఆ రోజు శనివారం కాదు. ఆ సంగతి అందరికీ తెలుసు, గంగవ్వకు అందరికంటే బాగా తెలుసు. గంప పక్కనే నిలబడి ఉంది. బావ తాను ఒప్పుకున్న మాట తానే మరిచిపోయి, అలవాటు కొద్దీ, గంప తెమ్మని ఆమెను పిలిచాడు.

గంగవ్వ కదల్లేదు. “నా జొన్నలు పడ్తె రాయి మైలవడ్తదన్నరట గదా అయ్యా. మరి కారం కడుగుటానికి మైల జొన్నలేం పనికొస్తయి? నా వంతు వచ్చినప్పుడే పట్టుండ్రి.”

ఆమె కోపంగా అనలేదు, మామూలుగా అంది. కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ముందున్న ఇద్దరూ తమ గంపల మీద చేతులు పెట్టుకుని, మేం మాత్రం పోయం అన్నట్టు నిలబడ్డారు. నూనె కాలుతోంది, పొద్దెక్కుతోంది, గింజ కదలడం లేదు.

అంతలో గోధుమల సంచులతో పటేల్ ఇంటి బండి వచ్చింది. బండి వెనకే పటేలమ్మ స్వయంగా వచ్చింది. మరునాడు చుట్టాలు దిగుతారు, పోలెలకు, అంటే బొబ్బట్లకు, పిండి ఇవాళే కావాలి, పనివాళ్ల మీద ఆమెకు నమ్మకం లేదు. భారీ మనిషి, పెద్ద గొంతు, పెట్టే చెయ్యి. పని ఎందుకు ఆగిందని అడిగింది. బావ పట్టా సర్దుతున్నట్టు అటు తిరిగాడు. గంగవ్వే చేతులు కట్టుకుని, బావకు చెప్పిన మాటనే ఆమెకూ చెప్పింది. ఇంకో మాట కలపలేదు, ఒక మాట తగ్గించలేదు.

పటేలమ్మ ముఖం ఎర్రబడింది. ఇక గిర్నీ మూతపడ్డట్టే అనుకున్నాను.

“రాయి మైలవడ్తదని ఎవలన్నరు?” అంది. పటేల్ అన్నాడని బావ గొంతులో గొణిగాడు.

“ఆయన ఎన్నడన్న గిర్నీకొచ్చిండా? ఎన్నడన్న పెనం ముంగట కూసున్నడా?” అని, నా వైపు తిరిగింది. “మిరపకాయలు మాయే గదా. మా గోధుమలే పొయ్యి ముందుగాల. గా కారప్పిండి పక్కకు పెట్టు, పటేల్‌కే రొట్టెలు చేసి పెడ్త.”

షెడ్డంతా గొల్లుమంది. గంగవ్వ కూడా నవ్వింది. రెండు మానికల గోధుమలు పోశాను. ఎర్రటి పిండి, ఆ తర్వాత లేత ఎరుపు, ఆ తర్వాత తెలుపు. వేలితో నాలుక మీద వేసుకుని చూశాను. రాయి శుభ్రపడింది.

పటేలమ్మ మనిషి మిగతా సంచి విప్పబోయాడు. అసలు గండం అప్పుడు వచ్చింది. ఇంకేం ఆలోచించకుండా చెయ్యి అడ్డం పెట్టి, రాయి కడగడానికే మీ గోధుమలు ముందు పోశాను, ఇక వరుస ప్రకారం పడతానని పటేలమ్మతో చెప్పాను. బావ కళ్లు మూసుకున్నాడు. ఆమె వరుసను ఈ కొస నుంచి ఆ కొసకు చూసింది. ఆమె సంచులు అన్నిటికంటే చివర ఉన్నాయి. గంగవ్వ జొన్నలు పట్టిన రాతిమీదే పెళ్లి గోధుమలు పడతాయి. అది ఆమెకు అర్థమైందని ఆమె చూపులోనే తెలిసింది. కాదనుకుంటే బోథ్‌కు బండి కట్టాలి, ఆ పూట పోతుంది, పోలెలు ఉండవు.

“ఎంతసేపైతది?” అంది చివరికి.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి అయిపోతుందన్నాను. పటేలమ్మ తన గోధుమల సంచి మీదే చతికిలబడింది. కొంగుతో విసురుకుంటూ, అందరికీ వినబడేలా, “గీ ముచ్చట మొగోళ్ల దాక పోవద్దు, వాళ్లకేం తెల్వదు,” అంది. మొదటి రెండు గంపలూ అయ్యాయి. మూడోది గంగవ్వది. ఆమె పిండి ఎత్తుకుని, అందరిలాగే పట్టుడు కూలి నా చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. పెళ్లిలో పోలెలు మెత్తగా, తెల్లగా వచ్చాయని పటేల్ నలుగురిలో మెచ్చుకున్నాడని విన్నాను. వడ్డించిన ఆడవాళ్లెవరూ మాట్లాడలేదట.

ఆ శనివారం పద్ధతిని ఎవరూ రద్దు చెయ్యలేదు. దాన్ని నడపాల్సిన ఆడవాళ్లు దాని ఊసెత్తలేదు, అంతే. వాడవాళ్లు రోజూ వచ్చారు. నెల తర్వాత మస్కూరి వచ్చి ఆరా తీస్తే పటేలమ్మను అడగమన్నాను, మళ్లీ రాలేదు. ఊరు మారిందని చెప్పను. బావి దగ్గరా చాయ్ హోటల్ గ్లాసుల దగ్గరా చాలా ఏళ్లు ఏమీ మారలేదు. మా రాయి దగ్గర మాత్రం ఒకే వరుస ఉండిపోయింది. మిరపకాయలు తెచ్చినవాళ్లే రాయి కడిగే గింజలు కూడా తెచ్చుకోవాలన్న పద్ధతి పెట్టాను. గంగవ్వకు ఉచితం పోకూడదని, ఆమెది మాత్రం మునుపటిలాగే కూలి లేకుండా పడతానని చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు.

“పుక్కట్ల పట్టకు కొడుకా. పుక్కట్ల పట్టినందుకే గదా నా గంప వాళ్లకు అలుసైంది.”

ఆ తర్వాత పదకొండేళ్లు ఆ ఊళ్లోనూ, మిగతా పనికాలమంతా మంచిర్యాలలో పెట్టుకున్న సొంత గిర్నీలోనూ గడిపాను. కొత్త పద్ధతి పెట్టమని అడగడానికి వచ్చేవాళ్లకు ఎక్కడా కొదవ లేదు. ఒకరి గంప ముందుకు జరపాలని, ఒకరిది వెనక్కి నెట్టాలని, ఒకరిది అసలే వద్దని. ఆ పద్ధతి మంచిదా చెడ్డదా అని నేను వాదనకు దిగేవాణ్ణి కాదు. దానివల్ల వచ్చే నష్టం మీ గంప మీద వేసుకుంటారా అని అడిగేవాణ్ణి. ఆలోచించుకుని వస్తామని వెళ్లేవాళ్లు. తిరిగి వచ్చినవాళ్లు తక్కువ.