ఫ్యామిలీస్ ఓన్లీ

ఒంటారియోలోని ఏజాక్స్ అనే ఊళ్ళో అద్దెకి బేస్‌మెంట్ చూడటానికి వెళ్ళిన రోజు ఇంటి ఓనరు అంకుల్ మొదట చెప్పిన మాట, "మా ఫ్యామిలీ పైన ఉంటుందమ్మా, చప్పుడు చెయ్యకూడదు." పాపం, చంటిపిల్లలున్నారేమో అనుకున్నాను. వారం గడిచాక అర్థమైంది, పైన ఉండేది ఆంటీ ఒక్కరే. అంకుల్‌ది కృష్ణా జిల్లా. ఆ వైపు ఆ తరం మగవాళ్ళలో కొందరు భార్యని "మా ఆవిడ" అనడానికి కూడా మొహమాటపడి "మా ఫ్యామిలీ" అంటారు. పిల్లలిద్దరూ ఎప్పుడో పెద్దవాళ్ళయి, ఒకరు మిస్సిసాగాలో, ఒకరు హామిల్టన్‌లో స్థిరపడ్డారు. అంటే పైన ఉన్న ఒక్క మనిషీ ఫ్యామిలీ. కింద వండుకుని, తిని, ఒకరి జ్వరానికి ఒకరు కషాయం కాచుకునే మేం నలుగురు ఆడపిల్లలం బ్యాచిలర్స్.

అవి ఏ విమానం దిగినా మాలాంటి స్టూడెంట్లే కనిపించే రోజులు. ఇళ్ళు దొరక్కపోయినా, బస్సు నిండిపోయినా, పార్ట్‌టైమ్ ఉద్యోగాలు లేకపోయినా తప్పు మాదే. ఊళ్ళోవాళ్ళు అన్నప్పుడు విననట్టు నడిచిపోయేదాన్ని. మనవాళ్ళే ముక్కు చిట్లిస్తే మాత్రం ఒళ్ళు మండేది. అంకుల్ దగ్గర రూల్స్‌కి లోటు లేదు. పెరట్లోకి రాకూడదు, స్నేహితుల్ని పిలవకూడదు, తాలింపు ఘాటు పైకి రాకూడదు. ప్రతి రూల్ చివరా ఒకటే మాట: "ఇష్టం లేకపోతే వేరే రూమ్ చూసుకోండమ్మా. ఫ్యామిలీస్ వెయిటింగ్‌లో ఉన్నాయి." అక్కడినుంచి నా కాలేజీకి ఒకటే బస్సు. ఇంకా రెండు సెమిస్టర్లు మిగిలున్నాయి. ఆ గది పోతే ఎక్కడో రెండు గంటల దూరంలో ఆరుగురున్న గదిలో ఏడో పరుపు వేసుకోవాలి. అందుకే నోరు మూసుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక అంతకాలం నోరు మూసుకున్నది అప్పుడే.

ఊరు మాత్రం నాకు నచ్చింది. ఎవరి అనుమతీ అడగకుండా నచ్చింది. మేమున్న వీధి చివర నిన్నటిదాకా పొలం, ఇవాళ టౌన్‌హౌస్‌ల వరస. దక్షిణం వైపు నడిస్తే సరస్సు. ఒడ్డు వెంబడి సైకిల్ బాట, పిల్లలు తడిసి కేరింతలు కొట్టే నీళ్ళ ఫౌంటెన్లు, చూడటానికి బాతుల్లా ఉండి రౌడీల్లా మీదికొచ్చే గూస్‌లు. ఇరవై నాలుగేళ్ళ వయసులో నేను సైకిల్ నేర్చుకున్నది ఆ బాట మీదే. అయిదేళ్ళ పిల్లలు గంట కొట్టి మరీ నన్ను దాటి వెళ్ళేవాళ్ళు. డ్రైవ్‌త్రూ కిటికీలోంచి వారమంతా కార్లలోకి కాఫీలందించిన చేతులకి ఆదివారం ఆ హ్యాండిల్ పట్టుకుంటే ప్రాణం లేచొచ్చేది.

ఆ ఆగస్టులో మా చుట్టుపక్కల తెలుగువాళ్ళు వనభోజనాలు తలపెట్టారు. వనభోజనాలు కార్తీకమాసంలో కదా అంటారేమో, ఇక్కడ కార్తీకంలో చెట్టు కింద కూర్చుంటే భోంచేసేలోపు మనిషి బిగుసుకుపోతాడు. వాటికి పెద్ద మా అంకులే. నన్ను పైకి పిలిచి, "అమ్మాయ్, నీకు కంప్యూటర్ మీద చెయ్యి ఆడుతుందిగా, పార్కులో షెల్టర్ బుక్ చేసిపెట్టు" అన్నారు. ఆయన పాస్‌వర్డ్ ఆయనకే గుర్తులేదు. చివరికి ఆ బల్లల పందిరిని నా పేరుతోనే బుక్ చేశాను, టౌన్ ఆఫీసు పర్మిట్ నా పేరు మీదే వచ్చింది.

"అంకుల్, పర్మిట్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళు అయిపోయేదాక అక్కడనే ఉండాలంట. దీంట్ల రాసి ఉంది."

"ఎవరు చూడొచ్చార్లే అమ్మా."

రెండు రోజుల తర్వాత వాట్సాప్‌లో ఆహ్వానం తిరిగింది. కింద లావు అక్షరాల్లో, "ఫ్యామిలీస్ ఓన్లీ. బ్యాచిలర్స్ గమనించగలరు." గమనించాను. ముందురోజు ఆంటీతో కలిసి మినప్పిండి రుబ్బి, గారెలు వత్తి, పులిహోరకి చింతపండు పిసికి పిసికి వేళ్ళు తెల్లబడ్డాక మరీ గమనించాను. ఆంటీ మంచావిడ. "మీరూ రండమ్మా" అని నోటిదాకా వచ్చిన మాటని అంకుల్ వైపు చూసి మింగేయడం నేను కళ్ళారా చూశాను.

కిందికొచ్చి చెబితే మా నలుగురిలో కర్నూలు అమ్మాయి మంచం మీద లేచి కూర్చుంది. "పిండి రుబ్బేకి మనమా, తినేకి వాళ్ళా? పార్కు ఏమన్నా వాళ్ళ అబ్బ సొమ్మా? పోదాం పాండి."

పోయాం. షెల్టర్‌కి యాభై అడుగుల దూరంలో గడ్డి మీద దుప్పటి పరిచి, డబ్బాలో పెరుగన్నం, ఆవకాయ పెట్టుకుని కూర్చున్నాం. గడ్డి మీద కూర్చోడానికి పర్మిట్ అక్కర్లేదు.

అక్కడ పెద్దవాళ్ళకో చిక్కొచ్చింది. వనభోజనం అంటే ఉసిరిచెట్టు కింద చేయాలి. ఒంటారియోలో ఉసిరిచెట్టు ఎక్కడ దొరుకుతుంది? ఎవరో ఉసిరికాయ పచ్చడి సీసా తెచ్చి మేపుల్ చెట్టు మొదట్లో పెట్టారు. దానికి పసుపు రాశారు, బొట్టు పెట్టారు. సీసాకీ చెట్టుకీ కలిపి ప్రదక్షిణలు చేశారు. నాకు పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చింది. ఆ వెనకే కోపమూ వచ్చింది. ఉప్పులో ఊరిన కాయని చెట్టుగా ఒప్పుకున్న ఈ పెద్దమనుషులకి, నలుగురు ఆడపిల్లల్ని ఒక కుటుంబంగా ఒప్పుకోడానికి ఏమడ్డొచ్చింది?

ఇంకా విస్తళ్ళు వేస్తున్నారు, టౌన్ సిబ్బంది చొక్కా వేసుకున్న ఒక అమ్మాయి చేతిలో ట్యాబ్లెట్‌తో వచ్చింది. పర్మిట్ ఎవరిదని అడిగింది. నేను పంపిన పర్మిట్‌ని అంకుల్ తన ఫోన్‌లో చూపించారు. ఆయన లైసెన్స్ మీద ఒక పేరు, పర్మిట్ మీద ఇంకో పేరు. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఈ పేరు మనిషి లేకపోతే ఖాళీ చెయ్యాల్సిందేనంది. అంకుల్ మొహం వాడిపోయింది. చుట్టూ చూసి, మమ్మల్ని పోల్చుకుని, చెయ్యి ఊపారు.

"అమ్మాయ్! ఇలా రామ్మా, ఒక్కసారి!"

వెళ్ళాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి ఆ అమ్మాయితో ఇంగ్లీషులో అన్నారు, "షి ఈజ్ అవర్ ఫ్యామిలీ."

ఈ గుంపుతో వచ్చింది నువ్వేనా అని ఆ అమ్మాయి నన్నడిగింది. అబద్ధం ఎందుకు, కాదని చెప్పాలనిపించింది. ఒక్క మాటతో డెబ్బై మందీ గిన్నెలు మోసుకుంటూ కార్లకేసి నడుస్తారు. ఆ దృశ్యం ఊహించుకుని రెండు క్షణాలు సంతోషపడ్డాను కూడా. కానీ విస్తళ్ళ ముందు పిల్లలు కూర్చుని ఉన్నారు. గారెలేమో నేను వత్తినవి. నా కార్డు తీసి చూపించి, అవును, పర్మిట్ నాదే అన్నాను. అయ్యేదాకా ఉండాలి మరి, అని చెప్పి ఆ అమ్మాయి వెళ్ళిపోయింది.

అంకుల్ గట్టిగా ఊపిరి వదిలారు. "థాంక్సమ్మా. ఇక వెళ్ళు, మీవాళ్ళు ఎదురుచూస్తున్నట్టున్నారు."

ఆ 'మీవాళ్ళు' నాకు ఎక్కడో గుచ్చుకుంది. "ఎట్ల పోతా అంకుల్? అయిపోయేదాక ఉండమన్నది కదా" అని, గడ్డి వైపు తిరిగి గొంతెత్తి అరిచాను. "రాండే! ముగ్గురూ రాండి!"

వచ్చారు. మధ్య బల్ల దగ్గర నలుగురం వరసగా కూర్చున్నాం. ఆంటీ గబగబా నాలుగు విస్తళ్ళు తెచ్చి మా ముందు వేశారు. అంకుల్ నా పక్కకి వంగి, పైకి నవ్వుతూనే, గొంతు తగ్గించి అన్నారు, "ఇలాగైతే కష్టం. నెలాఖరుకి రూమ్ ఖాళీ చెయ్యండి."

ఏడాదిగా నేను భయపడుతున్న మాట అదే. బస్సు, సెమిస్టర్లు, ఏడో పరుపు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఇక్కడ అద్దెకున్నవాళ్ళని నోటిమాటతో ఖాళీ చేయించడం చట్టప్రకారం కుదరదని కాలేజీలో విన్నది కూడా గుర్తొచ్చింది. ఆయన గుసగుసగా అన్నారు. నేను గుసగుసగా చెప్పలేదు.

"ఖాళీ చెయ్యం అంకుల్. మా చదువయ్యేదాక ఉంటం. కాదంటే కాగితం మీద రాసియ్యండి. ఎవరికి చూపియ్యాల్నో వాళ్ళకి చూపిస్తం."

గరిటెల చప్పుడు ఆగిపోయింది. ఆ కాగితం ఎన్నటికీ రాదనీ, రెండు సెమిస్టర్లూ ఆ కిందే ఉండి చదువుతాననీ అప్పటికి నాకు తెలియదు. డెబ్బై మంది నన్నే చూస్తున్నారని మాత్రం తెలుసు. విస్తరి ముందుకు జరిపాను.

"ఆంటీ," అన్నాను, "గారెలు ఇటు తెండి."