పడుగు వీధిలో కారు

తిరుత్తణి కొండ కింద మగ్గాల వీధి మొగదలలో పొద్దు పొడవకముందే కన్నియమ్మ నిలబడి ఉంటుంది. నడుముకు చెంగు బిగించి, గంజి కుంచె చేతపట్టి, కొండ మీది గుడికి వచ్చే ప్రతి కారుకూ ఒకటే చెబుతుంది: "ఈడ వద్దు నాయనా, మగ్గం మీదికి పడుగు పోగులు సాగదీస్తాం. బస్టాండు వెనక మైదానంలో పెట్టు, మద్దేనం దాకా వేపనీడ ఉంటాది." ఆ గొంతుకు ఒకసారి రేణిగుంటలో రైలు ఆగింది, నమ్మనివాళ్లు పోయి కనుక్కోవచ్చు. అయినా వినేదెవరు? సెల్‌ఫోను దారి చూపిస్తే చాలు, వీధంతా వాళ్ల అత్తగారిల్లే!

మొన్న మంగళవారం ఒక చిత్తూరు ఆసామి "రెండు నిమిషాలక్కా" అంటూ నడివీధిలో కారు నిలిపి, గుండు కొట్టించుకోవడానికి కొండెక్కాడు. అప్పటికే వీధి నేతగాళ్లు పడుగుకు గంజి పట్టించేశారు. వెంటనే చాచి కుంచె వెయ్యకపోతే పోగూ పోగూ అంటుకుని నెల నేత గంగలో కలిసినట్టే. కన్నియమ్మ పళ్లు కొరికింది. కారు కప్పు మీద తన పాత చీర పరిచి, "ఎత్తండప్పా!" అంది. తడి పడుగు కారు మీదుగా వీధి పొడవునా సాగింది. గుండుకు గంధం పూసుకుని దిగివచ్చిన ఆసామి గుడ్లు తేలేశాడు.

"ఏందక్కా ఇది? తిరుపతి పోవాల, బండి ఎట్ల తీసేది?"

ఆమె కుంచె ఆపలేదు. "మైదానంలో పెట్టుంటే ఈపాటికి నగరి దాటుందువు. నా పోగులు తెగితే పొయ్యి వెలిగేదెట్ల? ఆరేదాకా ఆ తిన్నె మీద కూచో. కొత్త గుండు, ఎండ తగలనీకు."