మాలిక్ దొరకని సమ్మె

శ్రామికుల పక్షాన నిలబడి సొంత ఇంట్లో పొయ్యి ఆర్పించిన వీరుణ్ని మీరు చూసి ఉండరు. చూడండి, నేనే.

డెబ్భైలలో కాలేజీలో చేరిన కొత్తలో పెట్టుబడిదారీ వ్యవస్థ మీద ఒక ఉపన్యాసానికి వెళ్లాను. సగం విని, సమోసాల వాసనకు బయటికొచ్చేశాను. ఆ సగం జ్ఞానంతోనే ఇల్లు చేరాను. కార్వాన్ బస్తీలో మా బాపు రేకు పెట్టెలు చేసి అమ్మేవాడు. అమ్ముతున్నాడు కాబట్టి పెట్టుబడిదారుడు, సాయం చేస్తున్నాను కాబట్టి నేను శ్రామికుణ్ని. పైగా నాకో సొంత బాధ ఉంది. పొద్దున లేస్తే సుత్తి చప్పుడే తప్ప, బాపు నా పక్కన ఊరికే కూర్చున్న పూట ఒక్కటీ లేదు.

ఒక ఆదివారం అట్టముక్క మీద ‘వారానికో సెలవు కావాలి’ అని రాసి దుకాణం మెట్ల మీద కూర్చున్నాను. బాపు సుత్తి దించి, అట్ట చదివాడు.

"గీ సెలవు ఎవరియ్యాలె బిడ్డా?"

"దుకాణం మాలిక్ ఇయ్యాలె."

"మంచిగున్నది. నాక్కూడ ఒకటి ఇప్పియ్యి. గా మాలిక్‌ను నేను గూడ ఎప్పటిసందో దేవులాడుతున్న."

అంటూ వచ్చి, అట్టకు రెండో చివర పట్టుకుని నా పక్కనే కూర్చున్నాడు.

పక్క దుకాణంలో తాళాలమ్మే కరీం భాయ్ మా ఇద్దరికీ చాయ్ పంపించాడు. పెట్టె కోసం వచ్చినవాళ్లతో తనే బేరమాడి మా సరుకు అమ్మిపెట్టాడు. సమ్మె రోజున వ్యాపారమా అని నేను మండిపడ్డాను. సమోసాలు తింటూ వదిలేసిన సగం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కొనడం, అమ్మడం బజారు. అది ఎప్పటినుంచో ఉంది. ఒకడి సొమ్ము గద్దె మీద కూర్చుని, పదిమంది ఒళ్లు వంచితే పెరుగుతూ పోవడం వేరే సంగతి, పెట్టుబడి అంటే అదీ. మా బాపు దగ్గరున్నది సుత్తి. తను లేస్తేనే అది లేచేది.

ఆ రోజు బాపు చిన్నప్పుడు పతంగులు ఎగరేసిన ముచ్చట్లు చెప్పాడు. ఆయనకు ఈల వేయడం వచ్చని నాకు అప్పుడే తెలిసింది. ఆ సమ్మె ఎన్నటికీ ముగియకూడదని మనసులో మొక్కుకున్నాను.

సాయంత్రం కూరగాయలేవని అడగడానికి అమ్మ వచ్చింది. సంగతి విని, కొంగు దోపుకుని మూడో మనిషిగా మెట్టెక్కింది.

"పొయ్యి కాడ చేసేది గూడ పనే గద," అంది.

రాత్రి వంట లేదని అర్థం కాగానే సమ్మె కూలిపోయింది. బాపు సుత్తి దగ్గరికి పోయాడు, నేను పొయ్యి దగ్గరికి పోయాను. అమ్మ మాత్రం మెట్టు దిగలేదు.

ఇప్పుడు రిటైరయ్యాను, వారమంతా సెలవే. బాపు మీద బెంగ మాత్రం ఒక్కరోజూ సెలవు తీసుకోదు. అందుకే మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకెప్పుడూ సమ్మె చేయను. అట్టకు రెండో చివర పట్టుకునే మనిషి లేడు.