యారాలి పేరు మీద చుట్టిన బీడీలు

మొన్న అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే కోడలి ఫోన్ మోగింది. స్నానం చేస్తున్న ఆమె లోపలినుంచే ఎత్తమని కేకేస్తే ఎత్తాను. పంచదార కలిపినట్టున్న గొంతుతో ఒక అమ్మాయి, మీకు క్రెడిట్ కార్డు మంజూరైందండీ, జీవితాంతం ఉచితమండీ అని మొదలుపెట్టింది. వద్దు బిడ్డా అన్నాను. ఎందుకు వద్దో కారణం చెప్పండని అడిగింది. కారణం చెప్పడం మొదలుపెడితే ఆ పిల్లకు పొద్దు చాలదు, నాకు ఓపిక చాలదు, అందుకని ఫోన్ పెట్టేశాను. కానీ ఆ ప్రశ్న ఆ రోజంతా నా వెంటే తిరిగింది. ఒడిలో బీడీల చాట పెట్టుకుని బతుకంతా గడిపిన నా ఈడు ఆడవాళ్లకు చెబితే అర్థమవుతుందనిపించి మీతో చెప్పుకుంటున్నాను.

నాది కోరుట్ల, మా ఆయనది సిరిసిల్ల. మా మామ మరమగ్గాల షెడ్డులో కార్మికుడు. సిరిసిల్లలో మగ్గాల యజమానిని ఆసామి అంటారు. పనిలో చేరేటప్పుడు ఆసామి దగ్గర ముందుగానే కొంత డబ్బు తీసుకుంటారు, దాన్ని బాకీ అంటారు. ఆ బాకీ పూర్తిగా తీరిపోవాలని ఆసామికీ ఉండదు, పనివాడికీ ఉండదు. తీరిపోతే మనిషి ఇంకో షెడ్డుకు పోతాడని ఆసామికి బెంగ, తీర్చేస్తే రేపు పెళ్లికో చావుకో చేయి చాపడానికి గడప ఉండదని పనివాడికి బెంగ. కూలిలో ఎంతో కొంత కోయించుకుంటూ, అవసరానికి మళ్లీ తెచ్చుకుంటూ ఏళ్లు గడిచిపోతాయి. ఎక్కువ బాకీ ఉన్నవాడంటే ఎక్కువ నమ్మకమున్నవాడని లెక్క. దసరాకు జమ్మి ఆకు పట్టుకెళ్లి ఆసామి చేతిలో పెట్టి కాళ్లు మొక్కితే, ఎంత బాకీ ఉన్నా ఆ మాట ఎత్తకుండా భుజం తట్టి పంపుతాడు. అప్పంటే ఇట్లాగే ఉంటుందని మా ఆయన చిన్నప్పటినుంచీ చూస్తూ పెరిగాడు.

పెళ్లయ్యాక ఆయనకు మగ్గాల చప్పుడు వద్దనిపించింది. వాళ్లమ్మనూ తమ్ముడినీ వెంటబెట్టుకుని కోరుట్లకు వచ్చి, బజారులో ఒక చిన్న మడిగె కిరాయికి తీసుకుని, సిరిసిల్లలో నేసిన లంగా గుడ్డ, జాకెట్ గుడ్డ తెచ్చి అమ్మడం మొదలుపెట్టాడు. గుడ్డను చేతివేళ్ల మధ్య నలిపి ఏ షెడ్డుదో చెప్పేవాడు, అది కొనేవాళ్లకు ఎందుకూ పనికిరాని విద్యే అయినా వినడానికి బాగుండేది. నేను మాత్రం లంగా ఓణీల నాటినుంచీ బీడీలే. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, కార్ఖానాలో ఇచ్చి రావడం. మధ్యాహ్నం వంటలయ్యాక వాడకట్టు ఆడవాళ్లమంతా ఒక్కచోట చేరి, చేతులు చాటలో, నోళ్లు లోకం మీద పెట్టి చుట్టేవాళ్లం. ఆ కూలి చిన్నదే, కానీ అందులోంచి పీఎఫ్ అని కొంత కోసి నా పేరున దాచేవారు. ఇక్కడ కొన్న ఇల్లు అత్తమ్మ పేరు మీద, మడిగె కిరాయిది, మెడలో పుస్తె కూడా ఆయన కట్టిందే. నాదీ అని నేను చెప్పుకోగలిగింది ఆ పీఎఫ్ ఒక్కటే. ముసలితనంలో కొడుకును చేయి చాపి అడగకుండా అదే నన్ను సాకుతుందని అనుకునేదాన్ని.

ఇంతలో మెడకు టై కట్టుకున్న ఒక పిలగాడు బజారంతా తిరిగి దుకాణాల వాళ్లకు కార్డులిచ్చాడు. మా ఆయన దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, దేవుడి పటం పక్కన నిలబెట్టి, వచ్చినవాళ్లందరికీ చూపించాడు. అత్తమ్మకు కడుపులో గడ్డ లేచి కరీంనగర్‌లో ఆపరేషన్ చేయించినప్పుడు నిజంగానే అది ఆదుకుంది, కాదంటే పాపం తగులుతుంది. తర్వాత దుకాణంలో సరుకు కూడా దానిమీదే తెచ్చాడు. నెల నెలా వచ్చే కాగితంలో మొత్తం ఎంతో ఒకచోట, తక్కువలో తక్కువ ఎంత కట్టాలో ఇంకోచోట ఉండేది. ఆయన ఆ చిన్న మొత్తాన్నే చూసి, అంతే కట్టి, గుండెల మీద చేయి వేసుకుని పడుకునేవాడు. నేను సణిగితే నవ్వేవాడు.

"గీ బ్యాంకోళ్లు గూడ ఆసామి తీరుగనే. ఎంతో కొంత కడ్తాంటె ఏమనరు. మొత్తం కట్టినోన్ని రేపు ఎవలు దేక్తరే?"

దాని బాకీ కట్టడానికి ఇంకో బ్యాంకు కార్డు కూడా వచ్చింది. అప్పుడు నాకు భయమేసింది గాని, ఆయన మాత్రం ఇద్దరు ఆసాములు నమ్మిన మనిషిలాగా నడిచాడు.

సరిగ్గా అప్పుడే తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది, అబద్ధమెందుకు. రోడ్డు మీదే పొయ్యి పెట్టి వండి, రోడ్డు మీదే విస్తళ్లు వేసి తిన్నాం, బతుకమ్మలు తెచ్చి బస్టాండు ముందు ఆడాం, బీడీల చాటలు కూడా దీక్షల టెంటు దగ్గరికే మోసుకెళ్లి చుట్టాం. బంద్ అంటే మా ఆయన అందరికన్నా ముందు షట్టరు దించేవాడు, పక్క దుకాణాల వాళ్లను కూడా దింపించేవాడు. బంద్ లేని రోజుల్లో తెరిచినా కొనే మనసు ఎవరికుంది? కొన్న గుడ్డంతా అరల్లోనే ఉండిపోయింది. అన్నీ బంద్ అయ్యాయి గాని కార్డు మీద వడ్డీ ఒక్కనాడూ బంద్ కాలేదు. ఎక్కడినుంచో ఫోన్లు మొదలయ్యాయి. రాష్ట్రం రానీయండి, వచ్చిన తెల్లారే కడతానని ఆయన వాళ్లకు చెప్పేవాడు, అదీ మనస్ఫూర్తిగా.

ఒకరోజు కార్డు బాకీ వసూలుకు ఇద్దరు మనుషులు బండి మీద మా వాడకట్టుకు వచ్చి, మేమంతా చుడుతున్న చోట ఆగి, ఆయన పేరు పెట్టి గట్టిగా అడిగారు. అందరి చేతులూ ఆగిపోయాయి. అక్కడినుంచి వాళ్లు టెంటుకు పోయారు. ఆ రోజు మా ఆయన మెడలో దండతో దీక్షలో కూర్చున్నాడు. వచ్చినవాళ్లు కూడా మన పిల్లలే కదా, ముందు అందరితో కలిసి జై తెలంగాణ అన్నారట, తర్వాత చెవి దగ్గరికి వంగి పైసలెప్పుడు కడతావని అడిగారట. సాయంత్రం ఆ దండ చేతిలో పట్టుకునే ఇంటికొచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు. ఆయన్ను అట్లా చూడటం నాకదే మొదటిసారి.

ఆ దసరా మర్నాడు బ్యాంకు తెరవగానే, ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, జేబులో జమ్మి ఆకు పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని జగిత్యాల పోయాడు. వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే ఆయన దగ్గర ఇంకో ఉపాయం ఏదీ లేదని నాకూ తెలుసు. ఆఫీసరు మా కొడుకు వయసువాడు. మా ఆయన జమ్మి ఆకు అతని చేతిలో పెట్టి, కాళ్లకు వంగబోతే ఆ అబ్బాయి కంగారుగా కుర్చీలోంచి లేచి ఆపాడు. మంచివాడే, మంచినీళ్లు తెప్పించాడు.

"పెద్దాయనా, గిది మా చేతిల లేదు. కార్డు సంగతంత పైనుంచే చూస్తరు. గక్కడ మనుషులు కూడ రోజుకొకలు మారుతరు, ఎవలని అడుగుతం?"

జమ్మి ఆకును కంప్యూటరు పక్కన పెట్టి ఇంకొకరి కాగితాలు తీసుకున్నాడు. కోరుట్ల బస్సులో మా ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. మేడిపల్లి దగ్గరపడ్డాక అన్నాడు, ఆసామే లేని అప్పు ఉంటుందని తనకు తెలియదని. ఆయన అజ్ఞానానికి నవ్వాలో ఏడవాలో ఇప్పటికీ నాకు తేలదు. ఆకు పట్టుకుని పోతే అవతల ఒక మనిషి ఉంటాడని నమ్మడం తప్పెట్లా అవుతుంది?

చివరికి ఒకేసారి ఇంత కట్టేస్తే మిగతాది వదిలేస్తామని బ్యాంకువాళ్లు ఫోనులో ఒప్పుకున్నారు. ఆ ఇంత ఎక్కడినుంచి తేవాలి? దుకాణం ఎత్తేసి గుడ్డ సగం ధరకు అమ్మాం. ఆయన సిరిసిల్లకు పోయి, తన తండ్రి పనిచేసిన ఆసామి కొడుకు దగ్గరే బాకీ తీసుకుని, ఏ చప్పుడు వద్దని వచ్చాడో ఆ చప్పుడులోకే మళ్లీ పోయాడు. అయినా చాలలేదు. నన్ను ఏమీ అడగలేదు, అన్నం ముందు కూర్చుని కలపకుండా ఉండిపోయాడు. నేనే అన్నాను, నా పీఎఫ్ తీద్దామని. మొత్తం రావాలంటే కంపెనీలో పని మానేసినట్టు రాసివ్వాలి. రాసిచ్చాను. కార్ఖానా మెట్లు దిగుతుంటే పుట్టింటి నుంచి రెండోసారి వెళ్లగొట్టినట్టనిపించింది.

మరి రేపటినుంచి ఏం తినాలి? మా మరిది దుబాయిలో ఉండేవాడు. ఆయన భార్యది, అంటే మా యారాలిది, ఇబ్రహీంపట్నం వైపు పసుపు పండించే పుట్టిల్లు. ఆమె పేరు కంపెనీలో ఉంది గాని, దుబాయి పైసలు మొదలయ్యాక చాట ముట్టలేదు. ఊరికే పేరు పోతుందని పక్కింటివాళ్ల చేత అప్పుడప్పుడూ చేయించేది. మా వైపు ఇది కొత్తేం కాదు, ఒకరి పేరు మీద ఒకరు చుట్టడం అందరిళ్లలో ఉన్నదే.

"అక్కా, నా పేరు మీద నువ్వు చెయ్యి. కూలి నువ్వే తీస్కో. నా పేరు నిలవడ్తే చాలు నాకు," అంది.

ఆ రోజు ఆమె నాకు దేవతలాగా కనిపించింది. అప్పటినుంచి నేను చుట్టిన ప్రతి బీడీ ఆమె పేరు మీదే పోయింది. కూలి నాకు, కోత ఆమె పీఎఫ్‌లోకి. కార్డుల అప్పు తీరిందని కాగితం వచ్చిన రోజు మేము మిఠాయి కూడా తెచ్చుకోలేదు. ఆయన సిరిసిల్ల షెడ్డులో, నేను ఇక్కడ చాట ముందు.

రాష్ట్రం వచ్చింది. మా ఆయన సిరిసిల్లనుంచి తలనిండా రంగుతో బస్సు దిగి, నడిబజారులో నన్ను పట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, అది ఉత్త సంతోషమే. కొన్నాళ్లకు బీడీ కార్మికులకు పింఛను ఇస్తారని తెలిసి వాడకట్టంతా పండుగైంది. పేర్లు చదివే దగ్గర నేనూ పోయి కూర్చున్నాను. పీఎఫ్ ఖాతా నడుస్తున్నవాళ్లకేనట. నువ్వు పని మానేసినట్టు రాసిచ్చి పైసలు తీసుకున్నావు కదమ్మా, లెక్కల్లో నువ్వు బీడీ కార్మికురాలివే కాదు అన్నారు. అప్పుడు కూడా నా గోళ్ల సందుల్లో తంబాకు ఉంది. మా యారాలి పేరు వచ్చింది.

మొదటి నెల ఆమె పింఛను తెచ్చి సగం నా చేతిలో పెట్టింది. రెండో నెలా పెట్టింది. తర్వాత మరిది దుబాయినుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు, వాళ్లింట్లోనూ కష్టం మొదలైంది, ఇవ్వడం ఆగిపోయింది. నేను అడగలేదు. ఏమని అడగాలి? ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చాలాసార్లు చూశాను, రాలేదు. మా ఆయన మీద కూడా రాదు. మగ్గాల చప్పుడుకు చెవులు పోయి ఆయన ఇంటికి తిరిగొచ్చాడు, సిరిసిల్ల బాకీ ఇంకా తీరలేదు, పింఛన్లిచ్చే రోజున మాత్రం ఏదో పని పెట్టుకుని ఇంట్లోంచి వెళ్లిపోతాడు.

ఇప్పుడు మా వాడకట్టులో కలిసి కూర్చుని చుట్టేవాళ్లు లేరు, కంపెనీలు పనే సరిగా ఇవ్వడం లేదు. ఇంటింటికీ కార్డులున్నాయి, ఫోన్లలోనే అప్పులు పుడుతున్నాయి, ఎవరికెంత ఉందో పక్కింటికి కూడా తెలియదు. మా రోజుల్లో కనీసం ఒకరి పేరు మీద ఒకరు బతికేవాళ్లం.

మా యారాలికి మోకాళ్ల నొప్పులు. ప్రతి నెలా పింఛను తెచ్చుకోవడానికి తోడు రమ్మంటుంది, చేయి పట్టుకుని తీసుకుపోతాను. అక్కడ చిన్న మిషను మీద వేలు పెట్టాలి. బీడీలు చుట్టి గీతలరిగిన వేళ్లను అది ఒక పట్టాన పట్టదు. మా ఈడు ఆడవాళ్లు కొంగుకు తుడిచి, తడి చేసి, ఈ వేలు కాకపోతే ఆ వేలని పెడుతూనే ఉంటారు. మా యారాలి వేలు మాత్రం పెట్టగానే పడుతుంది. లోపలివాడు నోట్లు లెక్కపెడుతుంటే, పక్కన నిలబడి నేను నా చేతులు రెండూ కొంగు కింద పెట్టుకుంటాను.