ఫట్‌ఫటి మీద పెళ్లికొడుకు

ఆ కాలంలో మా వైపు పెళ్లికొడుకు హోదా అతని ముఖంలో ఉండేది కాదు, అతని కింద ఉన్న జంతువులో ఉండేది. గుర్రమెక్కి వచ్చినవాడు దొర. గూడు కట్టిన కచ్చురం బండిలో వచ్చినవాడు పెద్దరైతు. నడిచి వచ్చినవాడు మామూలు మనిషి. (నడిచి వచ్చినవాళ్ల సంసారాలే నిబ్బరంగా సాగాయని ఇప్పుడు వెనక్కి చూస్తే తెలుస్తుంది కాని, పెళ్లీడు కుర్రవాడికి ఆ జ్ఞానం ఎవరిస్తారు?) నేను ఈ మూడు జాతుల్లో దేనికీ చెందకుండా పోయాను. అందుకు కారణం మా మేనమామ.

మామకు గద్వాలలో పల్లికాయల అడ్తి దుకాణం ఉండేది. పెద్ద యుద్ధం ముగిసిన కొత్తలో ఆయన హైదరాబాదు వెళ్లి, ఎవరో మిలిటరీ అధికారి వదిలించుకుంటున్న పాత మోటారు సైకిలు కొనుక్కొచ్చాడు. దాన్ని మా దగ్గర ఫట్‌ఫటి అనేవారు. ఒకే సిలిండరు. నడుస్తుంటే దంపుడు రోలులో రోకలి పడుతున్నట్టు చప్పుడు. అది ఎప్పుడు పుట్టిందో అమ్మినవాడికీ తెలియదు, కొన్నవాడికీ తెలియదు. దాని గుణం మాత్రం త్వరలోనే అందరికీ తెలిసింది: బుద్ధి పుడితే ఒక్క తన్నుకే లేచేది, పుట్టకపోతే ఎన్ని తన్నినా లేచేది కాదు, విసుగొస్తే తిరిగి తన్నేది. మామ కుడికాలి పిక్క ఏడాది పొడుగునా వంకాయ రంగులో ఉండేది. అయినా ఆయన దాన్ని ఒక్క మాట అననిచ్చేవాడు కాదు. "మంచి జాతి పశువు ఎవర్ని బడితె వాళ్లను దగ్గరికి రానీయదుర," అనేవాడు.

నాకు శ్రీరంగాపూర్ దగ్గరి ఒక పల్లెలో పిల్లను కుదిర్చారు. మాటముచ్చట జరిగిన రోజు పిల్ల తాత, మీసాలు మెలితిప్పుకుంటూ, "పిల్లగాడు దేని మీద వస్తడు? మీకు గుర్రం గిట్ల ఉన్నదా?" అని అడిగాడు. ఉన్నదో లేదో ఆయనకు బాగా తెలుసు. మా అమ్మ తలవంచుకుంది. మామ మాత్రం తొడ చరిచినంత పని చేసి, "గుర్రమెందుకు తాతా? గడ్డి తినని గుర్రం మీద తోలుకొస్త సూడు మా అల్లున్ని!" అన్నాడు. ఆ మాట మూడు నాలుగు ఊళ్లకు పాకింది. పెళ్లికి పిలవనివాళ్లు కూడా ఫట్‌ఫటి చూడ్డానికి వస్తామన్నారు. మామ దాన్ని పుట్టిలోకి, అదే గుండ్రటి బుట్టపడవలోకి, ఎక్కించి కృష్ణ దాటించాడు. తిరుగుతున్న ఆ పుట్టిలో అది కదలకుండా నిలబడి ఉంటే, పెళ్లికొడుకు అదేనేమో అన్నట్టుందని చూసినవాళ్లు చెప్పారు.

పెళ్లినాటి పొద్దున మా విడిది ఊరికి ఎగువనున్న చావడిలో. అక్కడి నుంచి చూస్తే పెళ్లిపందిరి కనబడుతుంది, వంటల వాసన కూడా తగులుతుంది. నడిస్తే, వెలిగించిన చుట్ట సగం కాలకముందే చేరొచ్చు. కాని మామ ఇచ్చిన మాట ఉందే! బండికి బంతిపూల దండ వేశారు. మామ ముందు కూచుని నడపాలి, నేను పట్టుపంచె, తలకు జరీ రుమాలు, నొసట బాసింగంతో వెనక కూచోవాలి. సన్నాయి, డప్పులవాళ్లు సిద్ధం. మామ మీసం దువ్వి, చొక్కా సర్దుకుని, కిక్కు మీద కాలు పెట్టి తన్నాడు. డప్పులవాళ్లు దబదబా అందుకున్నారు. బండి "తుస్" అంది. డప్పులు ఆగిపోయాయి.

మామ మళ్లీ తన్నాడు. డప్పులు మళ్లీ లేచాయి, బండి లేవలేదు. ఇక అదే వరస. తన్ను, దబదబ, తుస్, నిశ్శబ్దం. పందిట్లో ఉన్నవాళ్లు ఒక్కో దబదబకూ లేచి నిలబడి, ఒక్కో నిశ్శబ్దానికీ కూచుంటున్నారని మాకు అక్కణ్నుంచే కనబడుతోంది.

అప్పుడు వైద్యం మొదలైంది. మామ వెంట గద్వాల నుంచి ఆయన ప్రాణస్నేహితుడు వచ్చాడు. అత్తరు అమ్మే ఆ మనిషిని అందరం అత్తరు భాయ్ అనేవాళ్లం. ఆయన బండి పక్కన గొంతుకూచుని, నాడి చూసే హకీములా కళ్లు మూసి, "పరేషాన్ కాకు భాయ్. పెట్రోలు ఎక్కువైంది. గొంతుల అడ్డం వడ్డది," అన్నాడు. పెట్రోలు కట్టేసి తన్నారు. తుస్. "అయితే తక్కువైంది," అన్నాడు అంతే నమ్మకంతో. తెరిచి తన్నారు. తుస్. ప్లగ్గు విప్పి చూస్తే మసిపట్టి ఉంది. దాన్ని చింతపండుతో తోమాలని ఒకరు, కుంపటి మీద కాల్చాలని ఒకరు. రెండూ చేశారు. తళతళలాడే ఆ ప్లగ్గును అత్తరు భాయ్ తన గుడ్డతో తుడిచి బిగించాడు. తర్వాతి తన్నుకు బండి లేవలేదు గాని చావడి అంతా మల్లెపూల వాసన వచ్చింది.

"దిష్టి తగిలిందిరా," అని మా అమ్మ ఉప్పు, మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసింది. ఆ ఘాటుకు మేమంతా దగ్గాం. బండి మాత్రం దగ్గలేదు. (అది ఒక్కసారి దగ్గినా చాలని మామ దేవుళ్లందరికీ మొక్కుతున్నాడు.) ఇంతలో పిల్ల తాత కర్ర పొడుచుకుంటూ ఎక్కి వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఏమయ్యా, గడ్డి తినని గుర్రమంటివి. జర గడ్డేసి సూడరాదు?" అన్నాడు.

మామ ముఖం ఎర్రబడింది. ఉన్న బలమంతా కూడగట్టి ఎగిరి తన్నాడు. బండి తిరిగి తన్నింది. మామ గాల్లోకి లేచి బంతిపూల దండతో సహా కింద పడ్డాడు. చీలమండ అప్పటికప్పుడే బూరెలా పొంగింది. అటు నుంచి పెళ్లి చేయించే అయ్యగారి కేక: "లగ్గం దగ్గర పడ్డది! పిల్లగాన్ని తెస్తరా, తేరా?"

"నడిచి పోదాం మామా," అన్నాను.

నేలమీద కూచునే మామ నా పంచె అంచు పట్టుకున్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు. "అల్లుడా, నీకు దండం పెడ్త. నా ఇజ్జత్ కాపాడు. నువ్వెక్కు. గేర్ల ఏస్త. ఎడమచేతి పిడి పిసికి పట్టుకో, నేను అన్నప్పుడు వదులు. దిగువకు నూకితే లేస్తది. పందిరి ముంగట ఆగితె సాలు!"

అంతకుముందు ఆయన దుకాణం వెనక పెరట్లో నేను ఆ బండి మీద కూచున్నాను, హారను కొట్టాను. నా విద్య అంతే. కాని కన్నతల్లి తమ్ముడు ఏడుస్తుంటే కాదనడం ఎలా? ఎక్కాను. మా చుట్టాలంతా పట్టుపంచెలు ఎగగట్టి వెనక నుంచి తోశారు. బండి దిగువకు దొర్లింది. "వదులూ!" అని మామ కేక. వదిలాను. నా కింద ఫిరంగి పేలింది. పొగలోంచి చూస్తే చుట్టాలందరూ బోర్లా పడి ఉన్నారు, నేను మాత్రం పోతున్నాను.

పందిరి వచ్చింది. పందిరి పోయింది. ఎలా లేపాలన్న ఆరాటంలో ఎలా ఆపాలో మామ చెప్పలేదు, నేను అడగలేదు. ఆ పాతబండికి వేగం పెంచే పిడి తిప్పినచోటే ఉండిపోతుంది, చెయ్యి తీసినా తగ్గదు. నేను చెయ్యి తియ్యలేదు కూడా. బాసింగం జారి కంటికి అడ్డం పడింది. ఒంటికన్నుతో ఊరి చుట్టూ ఉన్న బండ్లబాట పట్టాను. కోళ్లు ఇళ్లమీదికి, కుక్కలు ఇళ్లలోకి. ఒక చుట్టు తిరిగి మళ్లీ పందిరి దగ్గరికి వచ్చేసరికి, అత్తరు భాయ్ భుజం మీద వాలి కుంటుతూ వచ్చిన మామ అరుస్తున్నాడు: "పిడి! అల్లుడా, పిడి!"

"ఏ పిడీ?" అని అరిచేలోపల దాటిపోయాను. జవాబు రెండో చుట్టులో వచ్చింది: "చిన్నదీ!" చిన్న పిడి ఒకటి కనబడితే నొక్కాను. అది నాకొచ్చిన ఆ ఒక్క విద్యే, హారను. జనం కేరింతలు కొట్టారు. ఇదంతా తమాషాలో భాగమనుకుని డప్పులవాళ్లు చెలరేగిపోయారు, ముత్తయిదువలు నేను వచ్చినప్పుడల్లా నా మీద అక్షింతలు చల్లారు. పిల్ల తాత కర్ర పైకెత్తి గంతులేస్తూ, "శాబాష్! ఊరికి ప్రదక్షిణం జేస్తుండు నా మనవడు!" అంటున్నాడు. అయ్యగారొక్కరే గడియారం చూపిస్తూ ఏడుపుముఖం పెట్టారు.

మూడో చుట్టులో ఒక దున్నపోతు బాటకు అడ్డంగా నిలబడింది. పక్కకు తిప్పాను. దడి విరిగింది, ఒక పెరడు వచ్చింది, పెరట్లో జొన్నచొప్ప కుప్ప. బండి ఇంజను దాకా అందులో దూరి ఆగింది. నేను ఇంకొంచెం లోపలికి దూరి ఆగాను.

ఆ పెరడు ఆడపెళ్లివారిదే. ఇంట్లోని ఆడవాళ్లందరూ నన్ను చూడ్డానికి ముందు వాకిట్లోకి పరుగెత్తారు. బయటికి రాకూడనిది పెళ్లికూతురొక్కతే కనుక ఆమె ఒక్కతే అక్కడుంది, పీట మీద, పాదాలకు తడి పారాణితో. చొప్పలోంచి తల బయటపెట్టిన నన్ను ఆమె పైనుంచి కింది దాకా చూసింది. "పందిరి అటు దిక్కున్నది," అంది.

ఇంజను ఇంకా ఫట్‌ఫట్ అంటూనే ఉంది. "ఇది... ఆగుతలేదు," అన్నాను.

అప్పుడు ఆమె ముఖం మారింది. కాలే పొగగొట్టం ఆనిన చోట చొప్ప పొగ చిమ్ముతోంది. ఏడాదికి సరిపడా పశువుల మేత, ఆ వెనకే గడ్డి కప్పిన కొట్టం. "ఓయమ్మా!" అంటూ లేచింది. పెళ్లిస్నానానికి పెట్టగా మిగిలిన నీళ్లబిందె ఎత్తి బండి మీద, చొప్ప మీద, నా మీద ఒక్క ఊపున కుమ్మరించింది. బుస్సున ఆవిరి లేచింది. బండి ఆగిపోయింది. తర్వాత ఆమె ఇంటివైపు తిరిగి, ఏమీ జరగనట్టు పిలిచింది: "అమ్మా! పెండ్లిపిల్లగాడు వచ్చిండు. చొప్పల ఉన్నడు."

అందరూ వచ్చారు. మామ తడిసి ఆగిన బండిని చూశాడు, ఏదో వెలిగినట్టు మా అమ్మ వైపు తిరిగాడు. "అక్కా, నిజం జెప్పు. పొద్దుగాల దీనికి నీళ్లు గిట్ల పోసినవా?"

"పోయకుంట ఎట్లరా? పెండ్లిబండి గద! తలంటి పసుపునీళ్లు పోసిన," అంది అమ్మ.

అంత వైద్యమూ చేసి లేపలేకపోయినదాన్ని, ఎండలో నిలబెట్టి ఊరుకుంటే తడి ఆరి దానంతట అదే లేచేదన్నమాట. మామ ఆడపెళ్లివారి అరుగు మీద కూచుని కాలికి పసుపు పట్టు వేయించుకున్నాడు. లగ్గం తప్పలేదు. నేను తడిబట్టలతో, తలలో చొప్పపరకలతో, చెరగని పెట్రోలు కంపుతో పీటల మీద కూచున్నాను. తెర తీసినప్పుడు పెళ్లికూతురు సిగ్గుతో తల దించుకుందని అందరూ మెచ్చుకున్నారు. నవ్వు ఆపుకోలేక దించుకుందని ఎదురుగా ఉన్న నాకొక్కడికే తెలుసు.

ఇప్పుడు మాకు మనవలు. వాళ్లు పక్కన చేరినప్పుడల్లా ఆమె ఈ కథ చెబుతుంది. నాకు గుర్తున్నంత వరకు అక్కడ లేచింది కాస్త పొగ. ఆమె చెప్పగా చెప్పగా అది మంటైంది, కొట్టానికి అంటుకుంది, పోయిన పండుగనాటికి ఇంటి దూలం దాకా వచ్చింది. పిల్లలు నోళ్లు తెరిచి, ముక్కుపొడి పీల్చుకుంటూ కునుకుతున్న ఈ ముసలివాణ్ని చూస్తారు. "తాతా, నువ్వు నిజంగ గంత మంటల ఉంటివా?" అని అడుగుతారు. ఆమె ఓరగా నా వంక చూస్తుంది.

"ఇంకా పెద్దదే ఉండెనురా," అంటాను.